మైకు ముందు రెండు ముక్కలు

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మేం గాజువాకలో ఉంటాం. ఆటోనగర్‌లో ఒక ఫ్యాక్టరీ స్టోర్స్‌లో పదకొండేళ్ళుగా పనిచేస్తున్నాను. మా స్టోర్‌కీపర్ గారు ఈ నెలాఖరుకి రిటైర్ అవుతున్నారు. ఆయన దగ్గరే పని నేర్చుకున్నాను కాబట్టి మా సెక్షన్ తరఫున నన్ను మాట్లాడమన్నారు. “ఏముందమ్మా, రెండు ముక్కలు” అన్నారు. ఆ రోజు నుంచి నాకు సరిగ్గా నిద్ర లేదు. ఇంటర్ చదివే మా అబ్బాయి ప్రపంచంలోని గొప్ప ప్రసంగాలంటూ ఫోన్‌లో రోజుకొకటి వినిపిస్తున్నాడు. అద్దం ముందు నిలబడి చేతులు ఆడిస్తూ ప్రాక్టీస్ చెయ్యమంటాడు. వినేకొద్దీ టెన్షన్ పెరుగుతోంది. వాళ్ళెక్కడ, నేనెక్కడ! అసలు ఆ ప్రసంగాల్లో ఏముందని జనం ఇన్నేళ్ళు గుర్తుపెట్టుకున్నారు? అందులో నాలాంటిదానికి పనికొచ్చేది ఏమైనా ఉందా? నేను రాసుకున్న కాగితం కూడా పంపుతున్నాను, తప్పులుంటే దిద్దండి. నిజానికి ఆయన గురించి నాకు బాగా గుర్తున్నది ఒక్కటే. నేను చేరిన మొదటి ఏడు స్టాక్ వెరిఫికేషన్‌లో నా బిన్‌లో బోల్టులు తక్కువొచ్చాయి. ఆయన తిట్టలేదు. రాత్రి తొమ్మిది దాకా నాతోపాటు గోనెపట్టా మీద కూర్చుని అన్నీ మళ్ళీ లెక్కపెట్టారు. కానీ ఇలాంటివి స్టేజీ మీద చెప్పేవి కావు కదా?
— ఓ పాఠకురాలు, గాజువాక

సమాధానం:

అమ్మా, ముందు మీ కాగితం సంగతి. పేజీన్నర ఉంది. అక్షరదోషం ఒక్కటీ లేదు, ముత్యాల్లాంటి దస్తూరీ. “వేదికనలంకరించిన పెద్దలకు” అని మొదలుపెట్టారు. “కర్మయోగి” మూడుసార్లు వచ్చింది, “అజాతశత్రువు” రెండుసార్లు. “నిగర్వి, మృదుస్వభావి, స్నేహశీలి” ఒకే వరసలో ఉన్నాయి. చివర “శేష జీవితం ఆయురారోగ్యాలతో గడపాలని” కోరుకున్నారు. (ఈ “శేష జీవితం” అన్న మాట మొదట ఎవరు వాడారో గానీ, మెడలో దండ వేసి మరీ నీకు మిగిలింది ఇంతే అని గుర్తుచేసినట్టు ఉంటుంది నాకు.) తప్పులేమీ లేవు. కాకపోతే పేరొక్కటి కొట్టేసి ఇంకో పేరు రాస్తే ఇదే కాగితం మీ మేనేజరు గారికి సరిపోతుంది, మా పెదవాల్తేరు పోస్టుమాన్‌కీ సరిపోతుంది. నాకూ సరిపోతుంది. ఏడేళ్ళ కిందట నేను రిటైరైనప్పుడు నా గురించి ఇవే మాటలు చెప్పారు. నేను మృదుస్వభావిని కానని మా ఇంట్లో వాళ్ళని అడిగితే తెలుస్తుంది.

భయం గురించి ఎక్కువ చెప్పను. మీ అబ్బాయి వినిపిస్తున్న పెద్దపెద్ద వాళ్ళకే కాళ్ళు వణికిన సందర్భాలున్నాయి, అవి మాత్రం ఫోన్‌లో రావు. 1891లో గాంధీగారు బారిస్టరు చదువు ముగించుకుని లండన్ నుంచి ఇంటికి బయల్దేరే ముందు, అక్కడి శాకాహార సంఘం మిత్రుల్ని ఒక రెస్టారెంటులో విందుకు పిలిచారు. అది కూడా వీడ్కోలు సభే, మీకొచ్చిన కష్టమే ఆయనకీ వచ్చింది. రెండు ముక్కలు మాట్లాడాలి. ఒక చమత్కారంతో మొదలుపెట్టి నాలుగు వాక్యాల్లో ముగిద్దామని బాగా ఆలోచించుకుని వచ్చారు. లేచి మొదటి వాక్యం అన్నారు. రెండోది గుర్తు రాలేదు. పిలవగానే వచ్చినందుకు కృతజ్ఞతలని చెప్పి కూర్చుండిపోయారు. అంతకు ముందు ఇంకో ఊళ్ళో అయితే రాసుకున్న ఒక్క కాగితం కూడా చదవలేక కళ్ళు బైర్లు కమ్మి ఒళ్ళు వణికితే, పక్కనున్న స్నేహితుడు అందుకుని చదవాల్సి వచ్చింది. ఇవన్నీ ఆయనే ఆత్మకథలో రాసుకున్నారు. ఆ మనిషే 1942 ఆగస్టు 8న బొంబాయి గొవాలియా ట్యాంక్ మైదానంలో “చెయ్యండి, లేదా చావండి” అన్నారు. మాట్లాడ్డానికి జంకడం వల్లే మాటల్ని పొదుపుగా వాడడం తనకు అబ్బిందని కూడా ఆయన చెప్పుకున్నారు.

వివేకానందుడి సంగతీ అంతే. 1893 సెప్టెంబరు 11న షికాగోలో సర్వమత సభ. అప్పటికి ఆయనకి ముప్పై ఏళ్ళు. మద్రాసులోని శిష్యుడు అళసింగ పెరుమాళ్‌కి రాసిన ఉత్తరంలో ఆ రోజు గురించి దాపరికం లేకుండా చెప్పారు. గుండె దడదడలాడింది, నాలుక ఎండిపోయింది, పొద్దున మాట్లాడే ధైర్యమే రాలేదు. మిగతా అందరూ ప్రసంగాలు రాసుకుని వచ్చారు, తాను మాత్రం ఏమీ రాసుకోలేదు. సరస్వతీదేవికి దణ్ణం పెట్టుకుని లేచారు. “అమెరికా సోదరీమణులారా, సోదరులారా” అన్నారో లేదో, చప్పట్లు రెండు నిమిషాలు ఆగలేదట.

ఆ పిలుపు దగ్గర కాసేపు ఆగుదాం. అక్కడ ఎవరైనా అనదగిన మాట “లేడీస్ అండ్ జెంటిల్‌మెన్”. ఆయన వరస కలిపి పిలిచారు. మన పల్లెల్లో కొత్త మనిషి గుమ్మంలోకి వచ్చి “అక్కా, కాసిని మంచినీళ్ళు” అంటే ఎవరం కాదనగలం? తెలుగువాళ్ళకి ఇది బాగా తెలిసిన విద్యే. 1982లో ఎన్టీఆర్ రోడ్డెక్కి మహిళల్ని “తెలుగింటి ఆడపడుచులు” అన్నప్పుడు ఆయన రాజకీయం నచ్చనివాళ్ళు కూడా ఆ వరసకి తలొగ్గారు. కాబట్టి మీ మొదటి వాక్యం గురించి ఒక్క ప్రశ్న. మీ స్టోర్‌కీపర్ గారిని మీరు రోజూ ఏమని పిలుస్తారు? “సార్” అనా, “బాబాయ్‌గారూ” అనా? మైకు ముందు కూడా అదే పిలుపు పిలవండి. వేదిక మీదున్న అందరి పేర్లూ, హోదాలూ చదవనక్కర్లేదు, మీకంటే ముందు మాట్లాడినవాళ్ళు ఎలాగూ చదివేస్తారు. “పెద్దలందరికీ నమస్కారం” చాలు.

ఇక మీరడిగిన అసలు ప్రశ్న. ఆ ప్రసంగాల్లో ఏముందని?

మీ అబ్బాయి వినిపించినవాటిలో లింకన్‌ది తప్పకుండా ఉండి ఉంటుంది. అయితే అది లింకన్ గొంతు కాదు, అప్పటికి శబ్దాన్ని పట్టి తిరిగి వినిపించే యంత్రమే రాలేదు. ఎవరో చదివింది విని ఉంటారు. 1863 జులై 1, 2, 3 తేదీల్లో అమెరికాలో గెటిస్‌బర్గ్ అనే చిన్న ఊరి దగ్గర సొంత దేశపు సైన్యాలే రెండుగా చీలి కొట్టుకున్నాయి. మూడు రోజుల్లో చనిపోయినవాళ్ళు, గాయపడ్డవాళ్ళు, గల్లంతైనవాళ్ళు అంతా కలిపి 50 వేల దాకా ఉంటారు. నాలుగు నెలల తర్వాత నవంబరు 19న అక్కడ సైనికుల శ్మశానవాటికను అంకితం చేసే సభ జరిగింది. ఆ రోజు ముఖ్య వక్త లింకన్ కాదు. ఎడ్వర్డ్ ఎవరెట్ అనే ఆయన. హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి అధ్యక్షుడిగా చేశాడు, గవర్నరుగా చేశాడు, అప్పట్లో అమెరికాలో ఆయన్ని మించిన వక్త లేడని పేరు. రెండు గంటలు మాట్లాడాడు. యుద్ధం ఏ రోజు ఎటు తిరిగిందో అంతా వర్ణించాడు. ఆ తర్వాత “కొన్ని సముచితమైన మాటలు” చెప్పమని పిలిచిన దేశాధ్యక్షుడు లింకన్ లేచాడు. అంటే ఆయన్ని పిలిచింది కూడా రెండు ముక్కలకే! పది వాక్యాలు, 270 పైచిలుకు మాటలు. మూడు నిమిషాలు కూడా పట్టలేదు. ఎవరెట్ మర్నాడే ఆయనకి ఉత్తరం రాశాడు: మీరు రెండు నిమిషాల్లో చేరిన చోటికి నేను రెండు గంటల్లో దగ్గరగానైనా రాగలిగితే సంతోషించేవాణ్ణి అని. ఆ ఉత్తరం రాసినందుకైనా ఎవరెట్‌ని గుర్తుపెట్టుకోవాలి. మన సభల్లో అంత నిజాయితీగల వక్తని నేను చూడలేదు.

పొట్టిగా ఉంది కాబట్టి నిలబడిందని చాలామంది అంటారు. నాకు అది సగమే నిజమనిపిస్తుంది. పొట్టి ప్రసంగాలు రోజూ వింటున్నాం, రిబ్బన్ కటింగుల దగ్గర. నెల్సన్ మండేలా 1964 ఏప్రిల్ 20న ప్రిటోరియా కోర్టు బోనులో నిలబడి దాదాపు మూడు గంటలు మాట్లాడారు, అదీ నిలిచింది. లింకన్ చేసింది ఇంకొకటి. ఈ నేలను పవిత్రం చెయ్యడానికి మనమెవరం, ఇక్కడ పోరాడినవాళ్ళు ఎప్పుడో చేసేశారు, ఇక మిగిలిన పని మనది అన్నాడు. శత్రువు పేరెత్తలేదు, గెలిచిన సేనాపతుల్ని పొగడలేదు. ఎదురుగా కొత్తగా తవ్విన సమాధులున్నాయి, బిడ్డల్ని పోగొట్టుకున్నవాళ్ళు నిలబడి ఉన్నారు. ఆ మాటలు ఆ చోట, ఆ జనంతో తప్ప ఇంకెక్కడా చెప్పలేరు. పేరు కొట్టేసి ఇంకో పేరు రాసే వీలు లేదు. మొదటి మాట కూడా చూడండి. ఎనభై ఏడేళ్ళ కిందట అనకుండా “నాలుగు ఇరవైల ఏడేళ్ళ కిందట” అన్నాడు. మా నాయనమ్మ ఇలాగే ఇరవైల్లో లెక్కపెట్టేది. వినగానే ఇంట్లో పెద్దవాళ్ళు పాత సంగతేదో చెప్పబోతున్నట్టు చెవి అటు తిరుగుతుంది.

రైల్లో వెళ్తూ కవరు వెనక గీకేశాడని ఒక కథ తిరుగుతుంటుంది, మీ అబ్బాయి చెప్తే నమ్మకండి. దొరికిన మొదటి చిత్తుప్రతి మొదటి పేజీ అధ్యక్షుడి కార్యాలయం కాగితం మీదే ఉంది. ముందే కూర్చుని రాసుకున్నాడు.

ఆ తర్వాత దాదాపు వందేళ్ళకి, 1963 ఆగస్టు 28న, వాషింగ్టన్‌లో అదే లింకన్ స్మారక మందిరం మెట్ల మీద మార్టిన్ లూథర్ కింగ్ నిలబడ్డాడు. రెండున్నర లక్షల మంది. అందరూ “నాకో కల ఉంది” అన్న ముక్కనే గుర్తుపెట్టుకుంటారు. నాకు మాత్రం దానికంటే ముందొచ్చే చెక్కు ముక్క ఇష్టం. మనమంతా ఈ రాజధానికి ఒక చెక్కు మార్చుకోడానికి వచ్చాం అన్నాడు. స్వేచ్ఛ, సమానత్వం ఇస్తామని ఈ దేశం రాసిచ్చిన ప్రామిసరీ నోటు అది. నల్లవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఖాతాలో డబ్బుల్లేవని చెక్కు తిప్పి పంపారు. న్యాయం అనే బ్యాంకు దివాలా తీసిందంటే మేం నమ్మం అన్నాడు. ఎంత పెద్ద సంగతిని ఎక్కడికి దించాడో చూడండి! చెక్కు బౌన్సవడం అంటే ఏమిటో ఆటోనగర్‌లో ఎవరిని అడిగినా చెప్తారు, చదువుతో పనిలేదు. రాజ్యాంగ హక్కుల ఉల్లంఘన అని ఉంటే పేపర్లో రెండో పేజీలో మర్నాటితో పోయేది.

ఇంతకీ ఆ కల ముక్క ఆయన చేతిలో ఉన్న కాగితంలో లేదు. కాగితం చూసి చదువుతుంటే, ప్రసంగం చివరికొస్తుండగా, వెనక నిలబడ్డ గాయని మహేలియా జాక్సన్ “ఆ కల గురించి చెప్పు మార్టిన్” అని కేకేసింది. ఆయన కాగితం వదిలేశాడు. కొత్తగా పుట్టిన మాటలేం కావవి. రెండు నెలల ముందు డెట్రాయిట్‌లో కూడా ఆ ముక్క చెప్పాడు. అప్పుడు రాని ఊపు ఇప్పుడెలా వచ్చింది? వెనక రాతి లింకన్ కూర్చుని ఉన్నాడు, బానిసల విడుదల ప్రకటనకి వందేళ్ళు నిండాయి, ఎదురుగా బస్సులు పట్టుకుని ఎక్కడెక్కడి నుంచో వచ్చిన జనం. పాత మాటకి దాని చోటు అప్పుడు దొరికింది. హరికథ చెప్పే దాసుగారు ఒకే కథని ఏ ఊరికి ఆ ఊరి సొంతం చేసి చెప్పేది ఇలాగే.

మన దేశం సంగతికి వస్తే 1947 ఆగస్టు 14 అర్ధరాత్రి నెహ్రూ ప్రసంగం అందరికీ తెలుసు. ఆ రాత్రి అదే సభలో సర్వేపల్లి రాధాకృష్ణన్ కూడా మాట్లాడారు. 1931 నుంచి 36 దాకా మన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలరుగా ఉన్నారాయన, అందుకని నాకు కొంచెం పక్షపాతం. కానీ మిగిలింది నెహ్రూ మాటే. “ప్రపంచమంతా నిద్రపోతున్న వేళ భారతదేశం మేల్కొంటుంది” అన్నారు. నిజానికి ఢిల్లీలో అర్ధరాత్రి అయితే న్యూయార్కులో భోజనాలు చేసి కూర్చునే మధ్యాహ్నం. లెక్క ప్రకారం మాట తప్పు. ఆ వాక్యం విన్నవాడెవడూ గడియారం చూసుకోలేదు.

నన్ను అడిగితే ఆయన ప్రసంగాల్లో గొప్పది అది కాదు, 1948 జనవరి 30 రాత్రి రేడియోలో మాట్లాడింది. గాంధీగారిని చంపి కొన్ని గంటలే అయింది. రాసుకోడానికి టైము లేదు. “మన జీవితాల్లోంచి వెలుగు పోయింది, అంతటా చీకటి” అన్నారు. ఇంట్లో పెద్దదిక్కు పోతే మనం అనే మాటే, దీపం ఆరిపోయిందని. కొంచెం దూరం వెళ్ళాక ఆయనే వెనక్కి తిరిగారు: వెలుగు పోయిందన్నాను, నేనన్నది తప్పు, అది మామూలు వెలుగు కాదు అని. దేశమంతా వింటుండగా తన మాటని తానే దిద్దుకున్నారు. రాసుకుని ఉంటే మొదటి వాక్యం కొట్టేసి నున్నగా రెండోది పెట్టేవారేమో, అప్పుడు ఇంత గుచ్చుకునేది కాదు. అందుకే మీరు మాట్లాడుతూ ఎక్కడైనా తడబడితే “కాదు, తప్పు చెప్పాను” అని సరిచేసుకుని ముందుకు వెళ్ళండి. ఎవరూ నవ్వరు.

పొగడ్త లేకుండా కూడా నిలిచిన ప్రసంగం ఒకటుంది. 1949 నవంబరు 25న అంబేద్కర్ రాజ్యాంగ సభలో చేసింది. రాజ్యాంగం పూర్తయింది, అందరూ సంబరంలో ఉన్నారు. ఆయన లేచి, జనవరి 26 నుంచి మనం వైరుధ్యాల జీవితంలో అడుగుపెడుతున్నాం, రాజకీయాల్లో సమానత్వం, బతుకులో అసమానత్వం అన్నారు. రాజకీయాల్లో వ్యక్తిపూజ నియంతృత్వానికి దారి అని కూడా అన్నారు. పెళ్ళిపందిట్లో అప్పుల లెక్క చదివినట్టే. కానీ ఎవరో ఒకరు చదవాలి కదా.

మరీ దూరం వెళ్ళక్కర్లేదు, మీ గాజువాక వైపే చూడండి. 1966లో ఉక్కు ఫ్యాక్టరీ కోసం ఈ ఊళ్ళో ఉద్యమం లేచింది. అమృతరావు గారు నిరాహారదీక్షకి కూర్చున్నారు, రాష్ట్రమంతటా కాల్పుల్లో 32 మంది పోయారని చెప్తారు. అప్పుడు ఎన్ని వేదికల మీద ఎంతమంది ఎన్ని గంటలు మాట్లాడారో! మా నాన్నగారు వాటిలో కొన్నింటికి వెళ్ళారు. ఎవరేం మాట్లాడారని చిన్నప్పుడు అడిగితే ఒక్క వాక్యం కూడా చెప్పలేకపోయేవారు. “విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు” మాత్రం నిద్రలో లేపినా చెప్పేవారు. నాలుగు మాటలు. క్రియాపదం కూడా లేదు. “క్కు” దగ్గర రెండుసార్లు సుత్తి దెబ్బ పడుతుంది, అంతే. మీరేమీ ప్రాసలు కట్టక్కర్లేదు గానీ, మీరు చెప్పేదాంట్లో జనం ఇంటికి పట్టుకెళ్ళేది ఒక్క ముక్కే ఉంటుందని గుర్తుపెట్టుకుంటే చాలు. అది ఏ ముక్కో మీరే ఎంచుకోండి.

ఇక్కడ నా పరువు కొంచెం తీసుకోవాలి. ఇరవై ఏళ్ళ కిందట ఒక కాలేజీలో లైబ్రేరియన్ గారి వీడ్కోలు సభ. నేను తెలుగు మాస్టారిని, పైగా మాటకారినని పేరు. అలెగ్జాండ్రియా గ్రంథాలయంతో మొదలుపెట్టాను. నలందా మీదుగా, తంజావూరు సరస్వతీ మహల్ మీదుగా, ముప్పై అయిదు నిమిషాలకి లైబ్రేరియన్ గారి దగ్గరికి చేరుకున్నాను. అప్పటికి షామియానా వెనక పులిహోర డేగిసా దించిన చప్పుడైంది. సగం తలలు అటు తిరిగాయి. ఆయన మాత్రం పాపం, దండ మెడలోనే ఉంచుకుని, తన గురించి ఎప్పుడు వస్తుందా అని నా వైపే చూస్తున్నాడు.

నా తర్వాత లైబ్రరీ అటెండర్‌ని పిలిచారు. మైకు ఎంత దూరం పెట్టుకోవాలో కూడా తెలియదు అతనికి, ముందు వరసకి తప్ప సరిగ్గా వినపడలేదు. “అయ్యగారికి కోపం ఎక్కువండి” అన్నాడు. అందరూ ఉలిక్కిపడ్డారు. “పుస్తకం మీద టీ గ్లాసు పెట్టీసేనని రెండ్రోజులు నాతో మాటాడలేదండి. మూడో రోజు పొద్దున్న అట్టముక్కలు గుండ్రంగా కత్తిరించి తెచ్చేరు, గ్లాసుల కింద పెట్టుకోమని. ఆరున్నాయండి. ఇప్పటికీ ఉన్నాయి” అన్నాడు. దిగిపోయాడు. లైబ్రేరియన్ గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు, చాలాసేపు తుడుచుకున్నారు. నిన్నగాక మొన్న అప్పటి సహోద్యోగి ఒకాయన బీచ్ రోడ్డులో వాకింగ్‌లో కలిసి ఆ అట్టముక్కల సంగతి ఎత్తాడు. నా అలెగ్జాండ్రియా ఎత్తలేదు.

కాబట్టి “ఇలాంటివి స్టేజీ మీద చెప్పేవి కావు కదా” అన్న మీ చివరి వాక్యం దగ్గరికే వస్తున్నాను. చెప్పాల్సింది అదే. పేజీన్నర కాగితంలో లేనిది, ఉత్తరం చివర మొహమాటంగా రాసిన మూడు వాక్యాల్లో ఉంది. కర్మయోగులు ఊరికి పదిమంది ఉంటారు. కొత్తగా చేరిన ఆడపిల్ల లెక్క తప్పితే గోనెపట్టా మీద పక్కన కూర్చుని బోల్టులు లెక్కపెట్టిన స్టోర్‌కీపర్ ఒక్కడే.

అయితే అది ఇప్పుడున్నట్టు చెప్తే చాలదు. మీకు కనపడినట్టు మాకూ కనపడాలి. ఏ సైజు బోల్టులు? పక్కన పోసుకుని లెక్కపెట్టారా, కుప్పలుగా పెట్టి పదులు కట్టారా? లైటు సరిగ్గా ఉందా? మధ్యలో టీ తెప్పించారా? మీ ఇంటికి ఫోన్ చేసి ఆలస్యమవుతుందని చెప్పింది ఎవరు? తొమ్మిదింటికి గేటు దగ్గర ఆయన ఏమన్నారు? ఏమీ అనకపోతే ఏమీ అనలేదనే చెప్పండి. ఆయన చేతిలో తుప్పు వాసన, మీ చీర కుచ్చిళ్ళకి అంటిన గ్రీజు మరక, ఇలాంటివి ఒకటో రెండో చాలు, అన్నీ గుమ్మరించకండి. ఒక జాగ్రత్త మాత్రం: బోల్టులు తగ్గింది మీ లెక్కలో, ఆయన లెక్కలో కాదు అన్నది మొదటి వాక్యంలోనే తేలిపోవాలి. రిటైరయ్యే రోజున స్టాకు తక్కువొచ్చిందన్న మాట ఎవరి చెవిలోనూ తేడాగా పడకూడదు. వీలైతే ముందురోజు ఆయనతోనే “ఆ రాత్రి సంగతి చెప్పనా” అని ఒక మాట అడగండి.

కాగితం గురించి. చూసి చదవడం నామోషీ కాదు. చర్చిల్ 1904లో పార్లమెంటులో మాట్లాడుతూ మధ్యలో మర్చిపోయి, ఎంత వెతుక్కున్నా మాట దొరక్క కూర్చుండిపోయాడు. ఆ దెబ్బతో పెద్ద ప్రసంగమేదీ కాగితం లేకుండా చెయ్యడం మానేశాడు. ఆ కాగితాల్లో కిటుకు ఉంది. పేరాల్లా కాకుండా పద్యంలా, ముక్కకో పంక్తి చొప్పున విరగ్గొట్టి టైపు చేయించుకునేవాడు. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో కన్నే చెప్తుంది. 1940 జూన్ 4న “తీరాల్లో పోరాడతాం, పొలాల్లో, వీధుల్లో పోరాడతాం, కొండల్లో పోరాడతాం, ఎన్నటికీ లొంగం” అన్నది అలాంటి కాగితం చూసే. మూడు లక్షల పైచిలుకు సైన్యాన్ని ఫ్రాన్సు తీరంలోని డన్‌కర్క్ నుంచి పడవల మీద వెనక్కి తెచ్చుకున్న రోజులవి, శత్రువు సముద్రానికి అవతలి ఒడ్డున ఉన్నాడు. తీరం అన్న మాట బరువు మన ఊరికి తెలుసు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ రేవు మీద బాంబులు వేసినప్పుడు ఇక్కడి జనం మూటాముల్లె సర్దుకుని పల్లెలకి వెళ్ళిపోయారు. చర్చిల్ మన దేశం గురించి అన్న మాటలు, చేసిన పనులు నాకు పడవు, కానీ ఆ కాగితం కిటుకు మాత్రం దొంగిలించుకోవచ్చు. పోస్టుకార్డు సైజు అట్టలు రెండు తీసుకుని, పెద్దక్షరాలతో, పంక్తికి నాలుగైదు మాటలు రాసుకోండి. మొత్తం కలిపి రెండు వందల మాటలు దాటనివ్వకండి.

అద్దం ముందు చేతులు ఆడించడం మానెయ్యండి. అలా ప్రాక్టీసు చేస్తూ ఫోటోలు కూడా తీయించుకున్నవాడొకడు చరిత్రలో ఉన్నాడు, హిట్లర్. జనాన్ని ఊపేశాడు, ఒప్పుకోవాలి. మనకా ఊపు వద్దు. అద్దం బదులు మీ అబ్బాయిని కూర్చోబెట్టండి. ఫోన్ చేతిలో ఉంచుకోనివ్వండి, లాక్కోకండి. మీరు చెప్తుండగా వాడి కళ్ళు ఏ పంక్తి దగ్గర ఫోన్ మీదికి వెళ్తాయో ఆ పంక్తి కొట్టెయ్యండి. రెండోసారి చెప్పండి, మళ్ళీ కొట్టెయ్యండి. మూడోసారికి మిగిలింది మీ ప్రసంగం. వాడు వెతికిన లింకన్, కింగ్‌ల కంటే వాడి విసుగే మీకు ఎక్కువ ఉపయోగపడుతుంది.

ఆ రోజు మైకు దగ్గరికి వెళ్ళాక వెంటనే మొదలుపెట్టకండి. ఆయన ఎక్కడ కూర్చున్నారో చూసి, అటు తిరిగి, రోజూ పిలిచే పిలుపు పిలవండి. గొంతు పట్టేస్తే ఆగండి, నీళ్ళు తాగండి. ఆశీస్సులు, ఆయురారోగ్యాలు మిగతావాళ్ళకి వదిలెయ్యండి. గేటు దగ్గర ఆయన అన్న మాటతో ఆపేసి దణ్ణం పెట్టి దిగిపోండి. “ఇంతటితో నా ప్రసంగాన్ని ముగిస్తున్నాను” అని చెప్పక్కర్లేదు, దిగడం వాళ్ళకి కనపడుతుంది.

ఇంకొక్క మాట. చివరికి ఆ రాత్రి లెక్కలో బోల్టులు ఎన్ని తేలాయో మీరు రాయలేదు. దొరికాయా, నిజంగానే తక్కువా? సభలో ఆ సంఖ్య చెప్పండి. నాకూ ఒక కార్డు ముక్క రాయండి, తెలుసుకోవాలని ఉంది.